కళావతి పుట్టింటి దారి

యువరాజ్‌ను మూడేళ్ల వయసులో ఎవరో హిందూపురంలోని ఒక మిషన్ హాస్టల్లో వదిలి వెళ్లారు. ఎవరు వదిలారో, ఎక్కడినుంచి తెచ్చారో రాసిపెట్టిన కాగితం లేదు. ఆ పేరు కూడా అక్కడ వంటచేసే ఎస్తేరమ్మ పెట్టిందే. పెద్దయ్యాక ఐటిఐ చదివి, ఊరి బయట దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో చేరాడు. ఎవరైనా ఊరు, ఇంటివాళ్ల సంగతి ఎత్తితే చేతిలోని స్క్రూడ్రైవరు వైపు చూస్తూ మాట మార్చేవాడు.

అదే ఫ్యాక్టరీలో కళావతి చొక్కాలకు కాలర్లు కుట్టేది. నల్లమాడ దగ్గర ఒక మెట్ట పల్లె ఆమెది. తండ్రి ఆంజనప్ప గొర్రెలు మేపేవాడు. వేరుశనగ పీకేశాక మందను తోలుకుని ఊరూరా తిరుగుతూ, ఎరువు కోసం రైతుల చేలల్లో మంద నిలిపి, వేసవి ముదిరేలోపు ఇల్లు చేరేవాడు. పదేళ్ల వయసుదాకా కళావతి కూడా తల్లి సిద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆ మంద వెంట నడిచింది. మిషన్ చెడిపోయి యువరాజ్ వచ్చి కూర్చుంటే, అతను బాగుచేసేదాకా ఆ తిరుగుళ్ల కబుర్లే చెప్పేది. కొన్నాళ్లకు చెడిపోని మిషన్ దగ్గరికి కూడా అతను రావడం మొదలుపెట్టాడు.

రెండు వేల ఎనిమిదిలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. కులమేదో తెలియనివాడు, చర్చికి పోయేవాడు. ఆంజనప్ప ఆ కబురు విని, "నాకుండేది కొడుకొక్కడే" అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు. సిద్దమ్మ మాత్రం మూడు నాలుగు నెలలకోసారి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి దొంగతనంగా మాట్లాడేది.

పెళ్లయిన మొదటి చలికాలం పోతుండగా కళావతి మూడు రోజులు సెలవు పెట్టించింది. నల్లమాడలో బస్సు దిగి, తమ పల్లెలోకి పోకుండా, దానికి ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కించింది.

"అదిగో, రేకుల కొట్టం పక్కన కనపడ్తాంది చూడు, అదే మా ఇల్లు. ఆ వెనకాల కంపకంచె ఉండాదే, అది మా దొడ్డి."

"లోపలికి పోదామా?" అన్నాడు యువరాజ్.

"నాయన కంటబడితే అమ్మకు తిట్లు. ఈడినుంచే చూద్దాం."

ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నారు. ఒక ఆడమనిషి వచ్చి దొడ్డి ఊడ్చింది. ఆమె వీపు కనిపించినంతసేపూ కళావతి చూపు తిప్పలేదు. ఆమె లోపలికి వెళ్లాక లేచి చీర దులుపుకుని, "పా, ఇంగ మంద పోయిన దారి చూపిస్తా" అంది.

బుక్కపట్నం, కొత్తచెరువు, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి, చివరికి ధర్మవరం. కొంత బస్సులో, కొంత షేర్ ఆటోలో, కొంత నడక. ఈ చేలో వారం రోజులు మంద నిలిపాం, ఈ బావి దగ్గర మా తమ్ముడు పడబోయాడు, ఈ ఊరి రెడ్డి జొన్నలు మాకు కొలిచింది తక్కువ, మజ్జిగ పోసింది ఎక్కువ అంటూ చెప్పుకుపోయేది. పెనుకొండ కొండ కింద ఒక పెద్ద గుండు దగ్గర ఆగింది. పక్కకు వాలి, కింద నలుగురు కూర్చునేంత చోటు ఉన్న రాయి.

"వడగళ్ల వాన పడినప్పుడు మా అమ్మ నన్నూ, ఏడు గొర్రెపిల్లలనూ దీని కిందనే దాచిపెట్టింది. ఆమె మాత్రం బయట నిలబడింది."

యువరాజ్ ఆ రాతి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆరోజు నుంచి ఏటా ఆ దారి వెళ్లడం వాళ్ల అలవాటైంది. వెళ్లిన ప్రతిసారీ ఆ గుండు కింద కూర్చుని, కట్టుకుపోయిన రాగిసంగటి తినేవారు.

వంట కూడా ఆమే నేర్పింది. మంద వెంట పోయేటప్పుడు నూనె ఉండదు కాబట్టి సిద్దమ్మ ఉలవచారుకు తాలింపు పెట్టేది కాదు. వెల్లుల్లినీ ఎండుమిరపకాయలనూ నిప్పుల మీద నల్లగా కాల్చి, రాతి మీద నూరి చారులో కలిపేది. కళావతి గ్యాసు పొయ్యి మంట మీద అదే చేసేది. మొదట్లో ఆ మాడు వాసనకు యువరాజ్ దగ్గేవాడు. తర్వాత్తర్వాత ఆదివారాలు అతనే చేసేవాడు. "ఇంకా కాలాల. భయపడితే మా అమ్మ చారు కాదది" అని వెనక నిలబడి చెప్పేది.

"నాదంతా చూపించినా, నీది చూపించవా?" అని ఒకరోజు అడిగింది. చూపించడానికి ఏముందని అతను సిగ్గుపడ్డాడు. ఆమె ఊరుకోలేదు. హాస్టల్ అప్పటికే మూతపడింది. ఎస్తేరమ్మ పెనుకొండలో కూతురి ఇంట్లో ఉంది. అక్కడికి వెళితే ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టి, "వీడు వచ్చిన పొద్దు ఏం పెట్టినా తినలేదమ్మా. ఉప్మా గిన్నె అడుగున మాడింది గోకి పెడితే అది తిన్న్యాడు" అని చెప్పింది. కళావతి దాన్ని ఎంతోమందికి చెప్పింది. తన గురించి చెప్పుకోవడానికి ఒక కథ ఉందని యువరాజ్‌కు అప్పుడే తెలిసింది.

పిల్లలు కలగలేదు. పెళ్లయిన తొమ్మిదో ఏట సిద్దమ్మ పోయింది. పూడ్చిపెట్టిన మరునాడు తమ్ముడు కుమారస్వామి ఫోన్ చేశాడు. "నాయన చెప్పొద్దన్న్యాడు అక్కా" అని ఏడ్చాడు. కళావతి ఫోన్ పెట్టేసి, షిఫ్టుకు వెళ్లి, సాయంత్రందాకా కాలర్లు కుట్టి వచ్చింది. ఇంటికొచ్చాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

కరోనా తగ్గిన ఏడాది ఆమెకు గర్భసంచిలో క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. ఆ చలికాలం వద్దన్నా వినకుండా బయలుదేరదీసింది. చెన్నేకొత్తపల్లి చేరేసరికి నిలబడలేకపోయింది. హైవే పక్కన టీకొట్టు బల్ల మీద పడుకోబెట్టి యువరాజ్ ఆటో కోసం చూస్తున్నాడు.

"ధర్మవరం మిగిలిపోయె," అంది.

"వచ్చే ఏడు ఈడినుంచే మొదలుపెడదాంలే."

ఆమె జూన్‌లో పోయింది. కుమారస్వామి వచ్చి మట్టి వేశాడు. ఆంజనప్ప రాలేదు.

తర్వాతి చలికాలం యువరాజ్ సెలవు పెట్టలేదు. ఆ తర్వాతి ఏడూ పెట్టలేదు.

ఈ ఏడు కుమారస్వామి ఫోన్ చేశాడు. తండ్రికి హిందూపురంలో శుక్లాల ఆపరేషన్ చేయిస్తున్నామనీ, రెండు రోజులు ఊళ్లోనే ఉండి మళ్లీ చూపించుకోమన్నారనీ, పల్లెలో గొర్రెలకు రోగం తగిలి తను వెనక్కి పోక తప్పదనీ చెప్పాడు. యువరాజ్, "తీసుకురాప్పా" అన్నాడు.

ఒక కంటికి కట్టు, రెండో కంటికి ముందే మసక. ఆంజనప్ప మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నం యువరాజ్ తను వండుకునేదే వండాడు. సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి, చారు పోసి, పళ్లెం చేతికిచ్చాడు.

ముసలాయన ఒక ముద్ద మింగి ఆగాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు.

"ఎవరప్పా చేసింది?"

"నేనే మామా."

"ఇది సిద్ది చేసే చారు."

"కళావతి నేర్పించింది."

ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టాడు. నిదానంగా పళ్లెం ఖాళీ చేసి, పట్టుకునే కూర్చున్నాడు. యువరాజ్ పళ్లెం తీసుకోబోతే వదల్లేదు. ఊరికే ఉండలేక యువరాజ్ ఆ దారి సంగతి ఎత్తాడు. గుట్ట మీదినుంచి ఇల్లు చూసింది, బావి, రెడ్డి మజ్జిగ, పెనుకొండ గుండు.

"పెనుకొండ కాదది," అన్నాడు ఆంజనప్ప. "చెన్నేకొత్తపల్లి దాటినాక, ధర్మవరం పోయే దారిలో. రోడ్డు వేసేటప్పుడు ఆ గుండు పగలగొట్టేసినారు. ఆ పొద్దు పిల్లకు నాలుగేండ్లు. దానికి యాడ గుర్తుంటాది."

పన్నెండు పదమూడేళ్లు తాము వేరే రాయి కింద కూర్చుని తిన్నారని యువరాజ్‌కు అర్థమైంది. కళావతికి చెబితే నాయనదే తప్పంటుంది, ఒప్పుకోదు. ఆ పోట్లాట ఎలా ఉంటుందో మొదటినుంచి చివరిదాకా అతనికి వినిపించింది. లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి కాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక ఆంజనప్ప అడిగాడు.

"నన్ను తిట్టేదా?"

"ల్యా మామా. ఎప్పుడూ తిట్టలేదు."

"తిట్టింటే బాగుండు."

సాయంత్రం ఎండ తగ్గాక ముసలాయనే, "యాడ పెట్టినారు, తీసకపో" అన్నాడు. కంట్లో దుమ్ము పడకూడదన్నారని యువరాజ్ చెప్పినా వినలేదు. ఆటోలో ఊరి బయటి శ్మశానానికి తీసుకెళ్లాడు. మట్టి దిబ్బ కుంగిపోయి, చుట్టూ పేర్చిన రాళ్లు మాత్రం నిలిచి ఉన్నాయి.

"తల ఏ పక్క?"

యువరాజ్ ఆయన చెయ్యి పట్టుకుని అటు కూర్చోబెట్టాడు. ఆంజనప్ప మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కొక్క రాయి తడుముకుంటూ కాళ్ల వైపుదాకా వెళ్లాడు. మళ్లీ అలాగే తల దగ్గరికి వచ్చాడు.

"ఇంత పొడుగు పెరిగిందా," అన్నాడు.

ఇల్లు విడిచి ఫ్యాక్టరీకి వచ్చేనాటికే ఆమె అంత పొడుగుంది. యువరాజ్ ఆ మాట అనలేదు. కట్టు కింద నుంచి నీళ్లు కారుతుంటే, తుడవకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆంజనప్ప విడిపించుకోలేదు.

రెండు రోజుల తర్వాత కట్టు విప్పించుకుని, తీసుకుపోవడానికి వచ్చిన కొడుకుతో, ఊరికి పోయేందుకు కదిరి బస్సెక్కాడు. నల్లద్దాల వెనక కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. తమ ఊరికి రమ్మని పిలవలేదు, మళ్లీ వస్తానని చెప్పలేదు. బస్సు మలుపు తిరిగాక యువరాజ్ టైము చూసుకున్నాడు. రెండో షిఫ్టుకు ఇంకా అరగంట ఉంది. నడుచుకుంటూ ఫ్యాక్టరీ వైపు వెళ్లాడు.