నేను చెరిపేసిన మూడు మెరుపులు

2013. లండన్ పక్కనున్న స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లో పాత సినిమా రీళ్లను డిజిటల్‌లోకి మార్చే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు డెబ్బై దాటిన ఫ్రెంచి ఆవిడ, మదామ్ లెనా, ఓ రేకు డబ్బా పట్టుకొచ్చారు. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. అంటే ఫిల్ము చెడిపోతోందన్నమాట. 1950ల నాటి ఫ్రెంచి నేర చిత్రం, సముద్రం మీద పొగాకు దొంగ రవాణా చేసేవాళ్ల కథ. వాళ్ల ఊరి సినిమా హాలు మూతపడినప్పుడు కొనుక్కున్నారట. "ఇందులో మా నాన్న ఉన్నాడు" అన్నారు. ఎవరో నటుడి కూతురనుకుని తలూపాను.

స్కాన్ చేసి, డస్ట్ రిమూవల్ పెట్టాను. ఒక్క ఫ్రేములో కనబడి, ముందూ వెనకా ఫ్రేముల్లో లేని మచ్చను సాఫ్ట్‌వేర్ దుమ్మనుకుని తీసేస్తుంది. బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

నెలన్నర తర్వాత ఆవిడ డబ్బాతో మళ్లీ వచ్చారు. "మా నాన్న లేడు" అన్నారు.

నా పనికి వంక పెడితే నాకు ఒళ్లు మండుతుంది. "ఒక్క మనిషినీ తీసేయలేదు మేడమ్" అన్నాను, కాస్త విసురుగానే.

"చీకట్లో ఆయన మొహం కనబడదు, దీపమొక్కటే. రాళ్ల మీద నుంచి పడవకు దీపంతో మూడుసార్లు సైగ చేస్తాడు. సినిమా వాళ్లు మా ఊరి జాలరులనే పెట్టుకున్నారు. ఆయన ఫొటో కూడా నా దగ్గర లేదు."

ఆ సీను తెర మీద వేశాను. చీకటే ఉంది, దీపం లేదు. పక్క సీటులోని వరంగల్ శ్రీను తెరకేసి తొంగిచూసి, "ఏందన్నా, దుమ్మనుకొని దీపమే తుడిచేసినవా?" అన్నాడు. ఒక్కో మెరుపు ఒక్క ఫ్రేమే మరి!

శుభ్రం చేయని స్కాన్‌ను నెల దాటాక తీసేయడం మా దగ్గర రూలు. రీలేమో అప్పటికి ఇంకా కుంచించుకుపోయింది. మళ్లీ మెషీన్‌లో పెడితే తెగిపోవచ్చు. ఆ మాటే చెప్పాను.

"తెగితే తెగనీ. డబ్బాలో ఉంటే నాకేం కనబడతాడు?" అన్నారావిడ.

ఆ సీనున్న ముక్కను మాత్రం చేత్తో తిప్పుతూ ఒక్కో ఫ్రేమే తీశాను. రెండుచోట్ల ఫిల్ము తెగింది గానీ మెరుపులు దక్కాయి. ఆవిడ తెర ముందు కూర్చుని, ఫ్రెంచిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. కళ్లు తుడుచుకుని మళ్లీ వేయమన్నారు.

ఆ తర్వాత ఏ రీలు వచ్చినా, మెషీన్ ఎక్కించే ముందు ఒక మాట అడుగుతాను: "ఇందులో మీవాళ్లు ఎక్కడున్నారండీ?"