లిఫ్టులో దిగిన మోకాలు

2023 నవంబరులో తెనాలిలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వారం రోజులు తాళం వేసి, ఒక పేషెంటుతో కలిసి ఉత్తరాఖండ్ కొండల్లో నడవడానికి వెళ్ళాను. నా పదహారేళ్ళ సర్వీసులో అంత సరదా పడి చేసిన వైద్యం మరొకటి లేదు.

ఆమె నసీమా అక్క. మా వీధి చివర టైలరింగ్ షాపు ఆమెదే. స్కూటీ జారి పడి మోకాలి లిగమెంట్ తెగింది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ అది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు ఆమెను మెషిను దగ్గర నుంచి లేవనిస్తే ఒట్టు. పక్క వీధికి వెళ్ళాలన్నా ఆటోనే. దాంతో అక్కకు పంతం వచ్చింది. వందల కిలోమీటర్లు సాగే ఒక కాలిబాటను ఫోనులో చూసి, అందులో రెండు కొండ ఊళ్ళ మధ్యనున్న రెండు రోజుల నడకను ఎంచుకుంది.

"ఆ రెండో ఊళ్ళోకి నా కాళ్ళతోనే వెళ్ళాలి డాక్టరమ్మా. అప్పుడుగానీ మావాళ్ళు ఆటో పిలవడం మానరు," అంది.

తెనాలిలో కొండెక్కడ దొరుకుతుంది? వాళ్ళ అయిదంతస్తుల అపార్టుమెంటునే కొండ అనుకున్నాం. వీపు సంచిలో మినుములు పోసుకుని అక్క రోజూ మెట్లెక్కేది. "ఇవాళ ఆయాసం రాలేదండి," అని ఫోన్ చేస్తే నాకు పండగలా ఉండేది. నేను మాత్రం పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచి సరిపెట్టుకున్నాను.

మొదటి రోజు నేనూ, అక్కడి మా గైడూ అక్కను పట్టుకోలేకపోయాం. దేవదారు చెట్ల మధ్య ఎక్కుతూనే ఉంది, మంచు కొండ కనబడిన ప్రతి మలుపులోనూ నన్ను పిలుస్తూనే ఉంది. రెండో రోజు ఉదయం శిఖరం దాటాం. మేం చేరాల్సిన ఊరి రేకుల కప్పులు కింద తళతళలాడుతున్నాయి. బాట అక్కడి నుంచి ఒకటే దిగుడు. కాసేపటికే అక్క రాయి మీద కూలబడింది. తొడలు వణుకుతున్నాయి.

"అక్కా, మెట్లు దిగేటప్పుడు ఇలా అవలేదా?"

"దిగడమెందుకండీ, లిఫ్టుందిగా."

కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోయాలి. దాన్ని ఎక్సెంట్రిక్ లోడింగ్ అంటాం. ఎక్కడం ఎంత వచ్చినా ఇది విడిగా అలవాటు కావాల్సిందే. చదునైన నేల మీద పుట్టి పెరిగిన మాకిద్దరికీ కొండంటే ఎక్కేదనే తెలుసు. చూస్తే నా తొడలూ వణుకుతున్నాయి.

గుర్రాన్ని పిలిపిస్తానన్నాడు గైడ్. అక్క ఉర్దూలో అతనికి గట్టిగానే చెప్పింది, గుర్రం ఎక్కితే ఆటో ఎక్కినట్టేనని.

అప్పుడు నాకు రేపల్లె దగ్గర మా పొలం గుర్తొచ్చింది. వానలో జారే గట్టు మీద అన్నం క్యారియర్ పట్టుకుని ఎన్నిసార్లు దిగలేదు నేను? ఆ గట్టు దిగినట్టే పక్కకు తిరిగి నిలబడ్డాను. మోకాలు కాస్త వంచి, కింది కాలు ముందు మోపి, చిన్న చిన్న అడుగులు వేసి చూపించాను.

అక్క కాసేపు చూసింది. "ఓ, ఇంతేనా. జిప్పు కుట్టేటప్పుడు మెషిను తొక్కినట్టు. కాలిని ఒక్కసారిగా వదలకుండా మెల్లమెల్లగా వదలాలి."

"అవునక్కా, అచ్చం అంతే."

ఆగుతూ, కూర్చుంటూ, ఒకర్ని చూసి ఒకరం నవ్వుకుంటూ దిగాం. చీకటి పడేలోపు ఊళ్ళోకి అడుగుపెట్టాం. నాకు గంతులెయ్యాలనిపించింది గానీ కాళ్ళు ఒప్పుకోలేదు. టీ కొట్టు ముందు అక్క ఇంటికి వీడియో కాల్ చేసి, మొహం కాదు, కొండలూ కాదు, దుమ్ము కొట్టుకుపోయిన తన బూట్లు చూపించింది. అవతల ఆమె భర్త, "అక్కడ ఆటోలు దొరుకుతాయా?" అన్నాడు. "నడిచొచ్చానండీ," అంటూ అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మోకాలి నొప్పితో ఎవరొచ్చినా, ఎలా ఎక్కుతున్నారని కాదు, ఎలా దిగుతున్నారని ముందు అడుగుతాను. అక్క మాత్రం రోజూ లిఫ్టులో పైకెళ్ళి మెట్ల మీద దిగుతోంది. వాళ్ళ వాచ్‌మన్‌కి ఇది ఇప్పటికీ అర్థం కాలేదు.