లైన్ తెగితే అన్వర్ పారిపోయినట్టే

1999 ఎండాకాలం. నల్లగొండ బస్టాండు దగ్గర నాకు చిన్న రిపేరు షాపు ఉండేది. ఫోన్లు, కార్డ్‌లెస్‌లు, అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న మోడెమ్‌లు బాగుచేసేవాణ్ణి. కంప్యూటర్ చెప్పేదాన్ని గరగరమనే శబ్దంగా మార్చి ఫోన్ లైన్ మీద పంపే పెట్టె మోడెమ్. నాకు ఓపిక తక్కువ. లోపం దొరికేదాకా అన్నం కూడా నిలబడే తినేవాణ్ణి.

హాలియాలో పైపులు, మోటార్లు అమ్మే యూసుఫ్ భాయ్ కబురు పెట్టాడు. ఆయన కొడుకు అన్వర్‌కు ఇరవై రెండేళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. ఇంటర్నెట్‌లో చెస్ ఆడతాడు. ఇల్లు ఊరి బయట, కాలువ అవతల. అక్కడిదాకా ఫోన్ తీగ లేదు. అందుకని దుకాణంలోని ఫోన్‌కు లాంగ్ రేంజ్ కార్డ్‌లెస్ తగిలించి, రెండు చోట్లా డాబాల మీద యాంటెన్నాలు ఎత్తి, గాలిలోంచి లైన్‌ను ఇంటికి తెచ్చుకున్నారు. దానికి అనుమతి ఉందా అని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

"అన్నా, మంచిగనే నడుస్తుంటది. ఒక్కపారి ఆగిపోతది," అన్నాడు అన్వర్. "నా ఎత్తు అవతలికి పోదు. గడియారం మాత్రం ఉర్కుతనే ఉంటది. ఒక్కోసారి లైనే తెగిపోతది."

ఇలా ఉండుండి ఆగిపోవడాన్ని లాగ్ అంటారు. ఓడిపోయేటప్పుడు కావాలని లైన్ తెంపుకుని పారిపోయే ఆటగాళ్లు కొందరుంటారు. అన్వర్‌నూ వాళ్లలో ఒకడిగా జమకట్టారు. ఇంకొక్కసారి తెగితే పేరు తీసేస్తామని టోర్నమెంట్ నడిపేవాళ్లు రాశారు. తర్వాతి ఆట ఆదివారం మధ్యాహ్నం మూడింటికి.

"ఓడిపోతె ఓడిపోత. గని నన్ను దొంగ అంటున్నరన్నా."

ఆ వారంలో మూడుసార్లు హాలియా వెళ్లాను. యాంటెన్నా తిప్పాను, కేబుల్ మార్చాను, మోడెమ్ మార్చాను. రెండేసి గంటలు అన్వర్ పక్కనే కూర్చున్నాను. ఒక్కసారి ఆగితే ఒట్టు. తిరిగి షాపు తలుపు తీసేలోపే ఫోన్: "అన్నా, మల్ల ఆగింది." గాలిలోంచి వచ్చే లైన్ కదా, తప్పంతా గాలిదే అనుకున్నాను. దారిలో కనిపించిన రైస్‌మిల్లు మోటారును అనుమానించాను, లారీలను అనుమానించాను. చివరికి కాలువ నీళ్లను కూడా వదల్లేదు. ఇంట్లో ఎవరు పలకరించినా ఒంటికాలి మీద లేచేవాణ్ణి.

శనివారం అన్వర్‌ను ఆడుతూ ఉండమని చెప్పి వాళ్ల దుకాణానికి వచ్చాను. కార్డ్‌లెస్‌కు బేస్ యూనిట్, అంటే అసలు లైన్ వచ్చి చేరే పెట్టె, అక్కడే ఉంది. నేను దాని స్క్రూలు విప్పుతుంటే యూసుఫ్ భాయ్ బల్ల మీది ఫోన్ ఎత్తాడు. మాట్లాడే చోట అరచెయ్యి అడ్డం పెట్టాడు. నంబరు నొక్కలేదు. కాసేపు విని, చప్పుడు కాకుండా పెట్టేశాడు.

"ఎవరికి చేసిండ్రు భాయ్?"

"ఎవలకు లేదు నర్సింహా. ఊకె వింటున్న."

"ఏం వింటున్నరు?" కోపంగానే అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. "పోయిన రంజాన్ల పిల్లగాడు కుర్సీలకెల్లి పడ్డడు. వాళ్లమ్మ ఊళ్లె లేదు. నేను పోయేదాంక గట్లనే నేల మీద ఉన్నడు. అప్పటిసంది ఒకటే ఫికర్. గా గరగర వినబడితె, ఆడుకుంటున్నడు అని పానం నిమ్మలమైతది. నువ్వు ఇంటికాడ ఉన్నప్పుడు ఎత్తను. నువ్వున్నవు గద."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఒకే లైన్ మీదున్న రెండో ఫోన్ ఎత్తితే శబ్దం బలహీనపడి మోడెమ్ తడబడుతుంది. మళ్లీ కుదురుకునే ఆ కొద్ది సెకన్లే లాగ్. కుదురుకోలేకపోతే లైన్ తెగుతుంది. ఈ మాట చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"అంటె నేనే వాణ్ణి దొంగను చేసిన్నా? వానికి చెప్పకు నర్సింహా."

ఆ ఫోన్ తీగ పీకేస్తే పనైపోయేది. నాకు చెయ్యి రాలేదు. లైన్ నడుస్తున్నంతసేపు వెలిగే చిన్న ఎర్ర దీపం బల్ల మీద పెట్టాను. ఇంటి దగ్గర మోడెమ్ ప్లగ్గుకు తాడు కట్టి, నేల మీంచి కూడా అందేలా వదిలాను. "పడితె ఇది గుంజు. దుకాణంల దీపం ఆరుతది, బాపుకు తెలుస్తది," అని అన్వర్‌కు చెప్పాను.

ఆదివారం నేనూ యూసుఫ్ భాయ్ ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆయన చెయ్యి ఫోన్ దాకా పోయేది, వెనక్కి వచ్చేది. గంటన్నర తర్వాత దీపం ఆరిపోయింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. అంతలో బేస్ యూనిట్‌లో, ఇంటి నుంచి నేరుగా మాట్లాడే ఇంటర్‌కమ్ మోగింది. నేనే తీశాను.

"అన్నా, ఓడిపోయిన!" అన్వర్ నవ్వుతున్నాడు. "ఆఖరి ఎత్తు దాంక లైన్ ఆగలే. ఆట అయినంకనే నేను బంజేసిన. మంచిగ ఆడినవని రాసిండన్నా అవతలాయన!"

నేను గట్టిగా కేకేసి ఆ మాట చెప్పాను. యూసుఫ్ భాయ్ రోడ్డు మీదే నిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా, పెట్టె విప్పే ముందు ఈ ఫోన్ ఎవరెవరు ఎత్తుతారని అడుగుతాను. అందరూ మొదట ఎవరూ ఎత్తరనే అంటారు. నేను ఈసారి మెల్లగా, మళ్లీ అడుగుతాను.