నిలబడి తాగిన చాయ్

మా సిరిసిల్ల మగవాళ్ళు నక్సలైట్ అన్నల కట్టెకు భయపడి తాగుడు మానారని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న కోరుట్లలో మా ఆడపడుచు కొడుకును మందు మాన్పించే కేంద్రంలో చేర్పించడానికి తోడు వెళ్ళినప్పుడు, అక్కడి వరండాలో పిల్లవాడి తండ్రి సరిగ్గా ఆ మాటే అన్నాడు. "అన్నలున్నప్పుడు గీ సెంటర్లు ఎక్కడియమ్మా, ఒక్కసారి కట్టె జూపెడితే ఊరు ఊరంత బంద్ జేసింది" అని. నేను ఆ కాలంలో అక్కడే పుట్టి పెరిగిన దాన్ని, ఆయన ఆ కాలమంతా దుబాయిలో ఉన్నాడు, అయినా నాకే చరిత్ర చెప్పబోయాడు. నాలుగు మాటలు అందామని నోరు తెరిచేలోగా లోపలి హాల్లోకి చూశాను. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కుర్రవాళ్ళు కూర్చున్నారు. తాగి మానినవాడే తాగేవాడికి తోడుండాలనీ, ఇక్కడ ఒట్లూ మొక్కులూ ఉండవనీ, ఇది బయటిదేశాల్లో కనిపెట్టిన పద్ధతనీ ఒక చిన్న డాక్టరమ్మ వివరిస్తోంది. నన్ను చూసి ఎవరో ఒక కుర్చీని గుమ్మం దాకా జరిపారు. నేను కూర్చోలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మా చిన్నమామ గురించి, అంటే మా అమ్మ తమ్ముడి గురించి, చెప్పాలి.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గోడల మీద ఎర్రరంగు రాతలు పడిన మర్నాడే సారా దుకాణం తలుపులు విరిగాయి, కల్లు కంపౌండు మూతపడింది. ఆడవాళ్ళం సంబరపడ్డాం, అబద్ధమెందుకు. కాని ఆ కల్లులో కలిపేది ఏ మత్తుమందో, అది ఒక్కసారిగా ఆగితే ఒంట్లో ఏమవుతుందో కట్టె పట్టుకున్న వాళ్ళకూ తెలియదు, సంబరపడ్డ మాకూ తెలియదు. మా బాపు గోడ మీద లేని చీమలను చేత్తో దులుపుతూ కూర్చునేవాడు. సాంచా మీద, అదే మా పక్క మరమగ్గాన్ని అలాగే అంటాం, తెగిన పోగు అతకడానికి వేళ్ళు నిలవక, ఆ పోగునే తిట్టేవాడు. కొన్నాళ్ళకు ఎల్లంతకుంట దిక్కు నుంచి సైకిళ్ళ మీద కల్లు డబ్బాలు రావడం మొదలైంది, బాపు వణుకు తగ్గింది, అంటే మళ్ళీ తాగుతున్నాడని అర్థం. భయానికి ఉన్న సత్తా అంతవరకే. అంతకు ముందు దేవుడి సత్తా కూడా చూశాం. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి, ఇక ముట్టనని మొక్కి, బస్సు దిగి ఇంటికి వచ్చే దారిలోనే తాగివచ్చిన మనిషి మా బాపు.

చిన్నమామ అందరికంటే ముందు మానాడు. ఎట్లా మానాడో ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం మత్తులో బిడ్డను బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళి, అదే రంగు గౌను వేసుకున్న ఎవరి పిల్లనో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చాడు. ఆ పిల్ల ఏడుస్తుంటే "ఏడువకు బిడ్డా, ఇల్లు అచ్చింది" అని సముదాయించాడట కూడా. అత్తమ్మ తలుపు తీసి చూసి నెత్తి కొట్టుకుంది. అటు బడి గుమ్మంలో సొంత బిడ్డ ఒక్కతే నిలబడి ఉంది. ఊరంతా నెలలపాటు నవ్వింది, ఆయనా నవ్వాడు. కాని ఆ కథ చెప్పేటప్పుడు చివర్లో ఆయన గొంతు మారేది. ఆ గొంతు విని మా బాపు మొదటిసారి ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

నిలబడ్డాడు అని ఊరికే అనడం లేదు. మా దగ్గర మగవాళ్ళు "కూసుందామా" అన్నారంటే తాగుదామా అని అర్థం. అందుకని చిన్నమామ పట్టుబట్టాడు, మనం కూర్చునే ముచ్చటే లేదు, నిలబడదాం అని. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో నలుగురు మగవాళ్ళు తలుపు వేసుకుని కూర్చుంటే పోలీసులు దానికి పెట్టే పేరు వేరు. సంఘం అన్నమాట నోట రాకూడదు. కాబట్టి సాంచాల పని దిగే వేళకు, కల్లు కంపౌండుకు కాళ్ళు లాగే సరిగ్గా ఆ వేళకు, మూలమీది చాచా హోటల్ ముందు రోడ్డుకు ఎదురుగా నిలబడి, వచ్చేపోయే జీపుకు కనబడేట్టు చాయ్ గ్లాసులు పట్టుకుని మాట్లాడుకునేవారు. ఒక్కొక్కరు చెప్పాల్సింది ఒకటే మాట, నిన్నటి నుంచి నిలబడ్డానా, పడ్డానా అని. పడ్డానని చెప్పినవాడిని ఎవరూ ఏమీ అనకూడదు. పక్కనున్నవాడు తన గ్లాసులోని సగం చాయ్ వాడి గ్లాసులో పోయాలి, ఇంటిదాకా తోడు నడవాలి. అంతే వాళ్ళ శాస్త్రం.

ఒట్టు పెట్టుకోకూడదు అన్నది కూడా చిన్నమామ నియమమే. వాళ్ళలో నమాజు చేసేవాడూ ఉన్నాడు, దేవుడే లేడనేవాడూ ఉన్నాడు, మా బాపులాంటి కోడెమొక్కుల మనిషీ ఉన్నాడు. ఒకరోజు బాపు అలవాటుగా రాజన్న మీద ఒట్టు వేయబోతే చిన్నమామ ఆపాడు. "రాజన్నకు మస్తు పనులున్నయి బావా. నీ గ్లాసెంబడి తిరుగుతడా? నేను ఖాళీగున్న, నా మొహం జూసి జెప్పు." దానికి బాపు "నీ మొహం జూస్తెనే తాగబుద్దయితది బామ్మర్దీ" అన్నాడు. హోటలంతా నవ్వింది. ఒకసారి ఒక కానిస్టేబులు ఆగి ఇదేం మీటింగని గద్దిస్తే, చిన్నమామ తొణక్కుండా తాగనోళ్ళ మీటింగు సార్ అన్నాడట. తాగనోళ్ళకు మీటింగెందుకురా అని వాడు నవ్వుకుంటూ పోయాడు. చాచా ఈ కథను ప్రతి కొత్త గిరాకీకి చెప్పేవాడు.

నేను అప్పుడు జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి మారినట్టు కనిపించేది. గిన్నెలు గోడకు తగిలిన చప్పుడు లేదు. అమ్మ సాయంత్రమైతే గుమ్మంలో నిలబడి "నిలబడ్డవా?" అని అడిగేది, బాపు చెప్పులు విడుస్తూ "నిలబడ్డ" అనేవాడు. మా ఇంట్లో అంతకు మించిన ప్రేమమాట నేను వినలేదు. నేనేమో కాలేజీలో వక్తృత్వపోటీల్లో గెలిచి వచ్చిన దాన్ని, దీనికొక పేరుండాలి, పద్ధతుండాలి అని చిన్నమామతో వాదించేదాన్ని. "నీకు పేరు గావాలె బిడ్డా, మాకు పొద్దు గడువాలె" అని ఆయన నవ్వేవాడు.

తర్వాత రోజులు చెడ్డవి వచ్చాయి. వెల్గటూర్ వైపు కాల్పులు జరిగాయని విన్నాం. నా క్లాసుమేటు వాళ్ళ అన్నయ్యను పొలం దగ్గరి నుంచి పోలీసులు తీసుకుపోయారు, ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. సిరిసిల్లకు వస్తే ఇక్కడ ఇంకో మాట నడుస్తోంది. రోజూ రోడ్డుకు ఎదురుగా నిలబడేవాళ్ళు ఎవరికి కబుర్లు అందిస్తున్నారని అడవి వైపు నుంచి కూడా ఎవరో అడిగారట. అంటే మావాళ్ళు అన్నల మనుషులని పోలీసులకు అనుమానం, పోలీసుల మనుషులని అన్నలకు అనుమానం. ఆ సాయంత్రం బాపు చెప్పులు వేసుకుంటుంటే నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నిన్ను తీసుకుపోతే అమ్మ ఎక్కడని వెతుకుతుందని అడిగాను. తాగకుండా ఉండటానికి ఇల్లు చాలదా అని అడిగాను. "మీ చిన్నమామ ఎదురు సూస్తడు బిడ్డా" అన్నాడు బాపు, ఒక్కటే మాట. ఒక్కరోజు చూస్తే ఏమవుతుంది అన్నాను నేను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. బాపు చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడు అని రాస్తుంటే ఇప్పుడు చెయ్యి ఆగుతోంది.

మిగతావాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు అలాగే అడ్డం నిలబడి ఉంటారు. ఆ సాయంత్రం ఎవరూ వెళ్ళలేదు. చిన్నమామ మాత్రం ఇంటికి రాకుండా సాంచాల నుంచి నేరుగా వెళ్ళాడు, ఆయనకు చెప్పేవారు లేరు. జీపు రాలేదు, ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున మా గుమ్మం బయటే ఆగి, లోపలికి రమ్మన్నా రాకుండా "బావా, పడ్డ" అన్నాడు. బాపు లోపలికి వెళ్ళి తన గ్లాసూ, ఇంకో ఖాళీ గ్లాసూ తెచ్చి సగం పోయబోతే చాయ్ గడపమీద ఒలికింది. చిన్నమామ ఆ తడిని చూసి, నవ్వి, వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు రోజులు సద్దుమణిగాక బాపు, మిగతావాళ్ళు మళ్ళీ నిలబడ్డారు. అందరినీ నిలబెట్టిన మనిషి మాత్రం ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. సాంచాల పనికి భివండీ పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు, చివరికి కామెర్లతో వచ్చి చనిపోయాడు. బాపు చివరిదాకా ముట్టలేదు. ఊళ్ళో దాన్ని కూడా అన్నల ఖాతాలో వేశారు, కొందరు చదువుకున్న బిడ్డ మార్చిందని నా ఖాతాలో కూడా వేశారు, అది విన్నప్పుడు నాకు ఎక్కడ దాక్కోవాలో తెలిసేది కాదు. బాపు నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ముసలితనంలో ఇంట్లో కూడా చాయ్ నిలబడే తాగేవాడు, సగం తాగి గ్లాసు అలాగే పెట్టేసేవాడు. అమ్మ ఆ సగాన్ని పారబోయకుండా చల్లారేదాకా ఉంచేది.

నా వాదనలో తప్పు లేదు, ఇప్పటికీ అంటాను. మనుషులు మాయమవుతున్న రోజుల్లో తండ్రిని గుమ్మం దాటనివ్వని బిడ్డది తప్పంటే, ఎవరితోనైనా వాదిస్తాను. మరి గెలిచిన వాదన ఇన్నేళ్ళూ ఇంత బరువెందుకుందో మాత్రం నాకు తెలియదు. ఇప్పుడు ఏ జీపు భయమూ లేకుండా ఫ్యాను కింద హాయిగా కుర్చీల్లో కూర్చుని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, మంచిదే. రాని వాళ్ళకు ఫోన్ కొడతారట, ఎక్కడున్నావురా అని. మాకు ఆనాడు ఫోన్ లేదు, కాని మా సందు నుంచి చాచా హోటల్ ఎంత దూరమని? నేనే నడిచివెళ్ళి, మామా, ఈ పూట ఎవరూ రారు, ఇంటికి పా అని చెప్పి ఉండొచ్చు. ఆ ఆలోచన అప్పుడు నాకు రానే లేదు.

ఆ సాయంత్రం గురించి చాచాను ఒకసారి అడిగాను, ఆయన గ్లాసులు కడుగుతూ "జానే దో బిడ్డా, పోనియ్" అన్నాడు. ఇప్పుడు చాచా కూడా లేడు. ఆ కోరుట్ల వరండాలో కుర్చీ పట్టుకుని నిలబడి నేను అనుకున్నది ఇదే. ఆ సాయంత్రం మా చిన్నమామ చేతిలో గ్లాసు చల్లారిపోతుంటే, మా సందు వైపు చూస్తూ, ఎంతసేపు నిలబడ్డాడు?