వెంజెల్ ఎడమ చెయ్యి

వియన్నాలోని గుర్రాల ఆసుపత్రిలో ఎక్స్‌రే గది తెరిచిన ఏడాదే వెంజెల్ హ్రుష్కా అక్కడ పనికి కుదిరాడు. అంతకుముందు సైన్యంలో గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. అతను మెడ నిమిరితే ఎంత పొగరుబోతు గుర్రమైనా కిమ్మనకుండా నిలబడేది. పొద్దున గుర్రాలు, మధ్యాహ్నం అదే గదికి, ఒంట్లో తూటాలు ఉండిపోయిన సిపాయిలు. ఎముక ఎవరిదైనా అతని పని ఒకటే.

ఆ రోజుల్లో ఎక్స్‌రే గొట్టం బలం పూటకో రకంగా ఉండేది. అది తెలుసుకోవడానికి ఆ పనివాళ్లందరిదీ ఒకటే పద్ధతి. గొట్టానికీ మెరిసే తెరకీ మధ్య తమ చెయ్యే పెట్టి, ఎముకల నీడ ఎంత నల్లగా పడిందో చూసుకునేవారు. కూరలో ఉప్పు చూసినంత మామూలుగా! చదువుకున్న డాక్టర్లూ అంతే. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

వెంజెల్ రోజుకు ఇరవైసార్లు ఎడమ చెయ్యి పెట్టాడు. అలా పదేళ్లు. గోళ్లు పెళుసుబారాయి, చర్మం పగిలింది, పుళ్లు పడి మానలేదు.

"ఫొటోలు కడిగే మందు నాకు పడట్లేదే" అనేవాడు భార్య వాల్‌బుర్గాతో.

"మందులో రెండు చేతులూ ముంచుతావుగా? మరి కుడిచేతికేం కాలేదేం?" అని ఆమె నిలదీసిన రోజు అతను రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

చివరికి పుండు పుట్టకురుపై, క్యాన్సరని తేలింది. మణికట్టు దాకా కోసేశారు. కోసినా ఆ చెయ్యి అతన్ని వదల్లేదు. లేని వేళ్లు పిడికిలి బిగించి మండేవి. కాఫీ గిన్నె అందుకోబోయి, అందక, ఖాళీ చొక్కాచేతిని చూసి జడుసుకునేవాడు.

అతని స్థానంలోకి హెర్మీన అనే నర్సు వచ్చింది. పని నేర్పమని వెంజెల్‌నే పిలిచారు. మొదటి రోజే ఆమె గొట్టం ముందు చెయ్యి పెట్టింది.

"తియ్యమ్మాయ్!"

"తీస్తే గొట్టం సంగతి తెలిసేదెలా మాస్టారూ? మీరూ ఇలాగే చూసేవారటగా?"

వెంజెల్‌కు భయం వేసింది. ఆ తెల్లటి వేళ్లు అతని కళ్లముందే నల్లబడి రాలిపోతున్నట్టనిపించింది. తిన్నగా తన చెయ్యి కోసిన సర్జన్ దగ్గరికి వెళ్లాడు. విద్యార్థులకు చూపించడానికి ఆయన ఆ చేతిని సీసాలో దాచి ఉంచాడు.

"నా చెయ్యి నాకిచ్చెయ్యండి."

"ఏం చేసుకుంటావయ్యా? పూడ్చిపెడతావా?"

"లేదండీ. పనుంది దాంతో."

ఎముకలు శుభ్రం చేయించి, తీగతో కట్టి, మైనంలో పొదిగి చెక్కకు బిగించాడు.

"చచ్చిన చేతిని కూడా చాకిరీకి పంపుతావా? నువ్వసలు మనిషివేనా?" అని వాల్‌బుర్గా బావురుమంది.

సోమవారం కుంటి గుర్రమొకటి వచ్చింది. గొట్టం చిటపటలాడింది. హెర్మీన చెయ్యి లేచింది.

"నీది దించు. నాది పెట్టాను" అన్నాడు వెంజెల్, గొట్టం ముందు నిలబెట్టిన చెక్కను చూపిస్తూ.

తెర మీద అయిదు వేళ్ల ఎముకలు నల్లగా లేచాయి. గుర్రం మెడ పట్టుకున్న వెంజెల్ ముఖం పాలిపోయింది, చెమటలు పట్టాయి.

"నొప్పిగా ఉందా మాస్టారూ?"

"మండుతోంది. నువ్వు ఎముకలు చూడు, బాగా పడ్డాయా?"

"పడ్డాయి."

"అయితే కానియ్."