గంటన్నర దారికి ఆరు హాల్టులు

పరమ తెలివితక్కువ పని చేయడానికి అమాయకత్వం ఒక్కటే చాలదండీ, కాస్త అనుభవం కూడా ఉండాలి. నాకు దండిగా ఉండింది. అందుకే నాలుగేళ్ళ కిందట ఒక గురువారం, ఖతర్ దేశపు ఉత్తరపు కొసకు ఇల్లంత బండిని తోలుకుపోతూ సెలవునీ పరువునీ ఒకే దెబ్బకు పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, వినండి. జాలి మాత్రం పడకండి. అప్పటి నా మొహానికి జాలి దండగ.

నేను దోహాలో ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవర్ని. మాది మదనపల్లె పక్కన పల్లె. అంతకుముందు పదేళ్ళు టమాటా లారీ మీద కలకత్తా దాకా పోయొచ్చినవాణ్ణి. అలాంటి మొనగాడికి ఇక్కడ డ్యూటీ ఏమిటంటే, పిల్లల్ని బడికీ, అమ్మగారిని మాల్‌కీ, ముసలమ్మగారిని అల్ సద్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికీ తిప్పడం. రెండేళ్ళలో ఊరు దాటింది లేదు. పులిని తెచ్చి పెరట్లో కట్టేశారని నాలో నేనే మీసం దువ్వుకునేవాణ్ణి. పులట పులి! ఆ మీసం చూస్తే పిల్లి కూడా నవ్వేది.

ఇక్కడివాళ్ళకు చలికాలం వచ్చిందంటే సముద్రం ఒడ్డునో ఎడారిలోనో డేరాలు వేసుకుని వారాల తరబడి ఉండటం ఒక ముచ్చట. డ్రైవరూ వంటమనిషీ సామానుతో ముందు పోవాలి. ఇంటివాళ్ళు దిగేసరికి డేరా లేచి, తివాచీ పరిచి, అన్నం ఉడికి, టీ మరుగుతూ ఉండాలి. ఆ ఏడాది మా యజమాని మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. పడకలూ పొయ్యీ బాత్‌రూమూ అన్నీ అందులోనే. ఆయన్ని మేమంతా బాబా అంటాం. తాళాలు నా చేతిలో పెట్టి బాబా చెప్పింది మూడే ముక్కలు.

"గురువారం పొద్దున ఆరుకు బయల్దేరు. పన్నెండుకు మేం వస్తాం, అన్నీ రెడీగా ఉండాలి. శనివారం నువ్వు ఇండియా పో."

ఆ మూడో ముక్క మీదే నా ప్రాణమంతా ఉంది. ఆదివారం సాయంత్రం నా కూతురు మౌనిక బడిలో వార్షికోత్సవం. ఒకటో తరగతి. నెమలి వేషం కట్టి ఆడుతుందట. "నాయనా, ముందు వరసలో కూచోవాల నువ్వు" అని ఫోన్లో మాట తీసుకుంది. మాటిచ్చాను. క్యాంపుల కాలంలో డ్రైవరుకు సెలవివ్వడమే గొప్ప, ముసలమ్మగారు గట్టిగా చెప్పబట్టి ఇచ్చారు.

ఇప్పుడు నా బుర్ర చేసిన లెక్క చూడండి. ఆరుకు బయల్దేరమన్నాడు, పన్నెండుకు సిద్ధంగా ఉండమన్నాడు. అంటే దారి ఆరు గంటలు! డేరా వేయడానికీ వంట చేయడానికీ కూడా అందులోనే టైము ఇచ్చాడన్న ఇంగితం ఉండొద్దూ? ఉంటే ఈ కథే లేదు. పైగా వారం రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. ఎవరో తెల్ల మొగుడూ పెళ్ళాలు మంచుదేశంలో ఉత్తరానికి ఇలాంటి బండిలోనే పోతారు. "తొందర వద్దు, గంట గంటకూ ఆగండి, బండికీ మనిషికీ విశ్రాంతి ఇవ్వండి" అంటారు. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది, మిగతా సగం నేనే కల్పించుకున్నాను. కల్పించుకుని నోట్‌బుక్కులో ఆరు హాల్టులు రాసుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నేను తోలే బండికి ఆరు హాల్టులు.

నాతో వచ్చింది వంటమనిషి ఖాదర్ భాయ్. జగిత్యాల ఆయన, నాకన్నా పదేళ్ళు పెద్ద. దోహా దాటామో లేదో ఫోను తీశాడు.

"రెడ్డెప్పా, గిది గంటన్నర తొవ్వనే అంటుంది రా."

"అది చిన్న కార్ల లెక్క భాయ్. ఇల్లు మోసుకోని పోయే బండికి ఆ లెక్క పనికిరాదు."

"రోడ్డు రోడ్డే కద? ఇల్లున్నదని పొడుగైతదా?"

"నువ్వు అన్నం వండేటప్పుడు నేను గంటె పట్టుకున్యానా? నా పని నాకొదులు."

నలభైలో పోతున్నాను. నాలుగు వరసల రోడ్డు, గీత గీసినట్టు ఉత్తరానికి. చివర్లో ఎడమకు తిరిగి సముద్రం కనపడేదాకా పోవడమే. వెనక నుంచి తెల్ల ల్యాండ్ క్రూజర్లు లైట్లు కొట్టి, హారన్ కొట్టి, పక్కకొచ్చి తొంగిచూసి మరీ పోతున్నాయి. నా ఘనతను చూసి మెచ్చుకుంటున్నారని చెయ్యి ఊపాను. ఒకాయన కూడా చెయ్యి ఊపాడు గానీ, ఆ ఊపులో మర్యాద కనపడలేదు.

మొదటి హాల్టు ఇరవై కిలోమీటర్లకే. పెట్రోలు బంకులో ఆపి టైర్ల మీద నీళ్ళు చల్లాను.

"చలికాలంల టైర్లకు స్నానమెందుకు రా?" అన్నాడు భాయ్.

"లారీ ధర్మం."

రెండో హాల్టులో ఇంజనుకు విశ్రాంతి. మూడో హాల్టులో నాకు విశ్రాంతి. నాలుగో హాల్టులో ఎవరికి విశ్రాంతి కావాలో తేలక ఊరికే ఆగాం. అక్కడ ఖాదర్ భాయ్‌కి ఓపిక పోయింది.

"అరే, ఫోన్ల ఇంక పందొమ్మిది నిమిషాలే అంటుంది. పోయి డేరా ఏసుకుందాం. యల్లా!"

"ఇంగొక్క తూరి ఫోన్ మాట ఎత్తినావంటే దించేసి పోతా భాయ్. డ్రైవర్ మనసు చెదరగొట్టకూడదు." ఆ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పడేశాను. నాది ముందే సైలెంటులో ఉంది. తోలేటప్పుడు ఫోను ముట్టకూడదని తెల్లాయన చెప్పాడుగా, లేక అది నేను కల్పించుకున్న సగంలోదో.

ఐదో హాల్టు కూడా అయ్యి, ఎడమకు తిరిగాక ఇళ్ళు అయిపోయాయి. ఇసుకా, గాలీ, ఒంటెలూ. చివరికి పాడుబడ్డ పాత పల్లె ఒకటి, మొండిగోడలు. టైము పదకొండు. నా లెక్కలో ఇంకా గంట దారి. అలిసిన మొహంతో పన్నెండుకు చేరడం కన్నా నిగనిగలాడుతూ చేరడం మేలనిపించింది. ఆరో హాల్టు అక్కడే వేశాను. ముసలమ్మగారి ఎర్ర తివాచీ తీసి గోడ నీడన పరిచాను. చెమట చొక్కా ఉతికి బండి అద్దానికి ఆరేశాను.

ఖాదర్ భాయ్ గాలి పీల్చాడు. "సముద్రం వాసనొస్తుంది రా."

"నీ డబ్బాలో చేపల వాసన భాయ్ అది. పండుకో."

"నేను తెచ్చింది మేకమాంసం!"

నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. నిద్రే ప్రధానమని దిద్దుకుని, కన్ను మూశాను. పాపం పెద్దలు, ఎలాంటివాళ్ళ చేతుల్లో పడ్డారో!

ఎవరో అరికాలు తట్టారు. కళ్ళు తెరిస్తే ఎండ నెత్తిమీద, ఎదురుగా బాబా.

"రెడ్డీ, బండి పాడైందా?"

"లేదు బాబా. బండికి రెస్ట్."

"నీకు ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది బాబా. నాకూ రెస్ట్."

"ఇంకా ఎంత దూరం ఉందనుకున్నావు?"

నోట్‌బుక్కు తీసి చూశాను. చూడకుండా ఉంటే నా పరువు కొంతైనా మిగిలేది. "ఇంకొక్క గంట, బాబా."

బాబా నన్ను లేపి నిలబెట్టాడు. భుజం పట్టుకుని మొండిగోడ పక్కకు నడిపించాడు. ఎనిమిది అడుగులు, లెక్కపెట్టాను. గోడ దాటగానే సముద్రం! కూతవేటు దూరంలో ఒడ్డున బాబా కార్లు, ఐదుగురు పిల్లలు, అమ్మగారు. ముసలమ్మగారు గాలికి ముసుగు పట్టుకుని బోర్లించిన బక్కెట్ మీద కూర్చున్నారు. డేరా మాఫీ, అంటే అరబ్బీలో లేదని. అన్నం మాఫీ. టీ మాఫీ. వాళ్ళు వచ్చి అరగంటైంది. మా బండి పైకప్పూ నా చొక్కా గోడ మీదుగా కనపడుతూనే ఉన్నాయట. ఎవరో పనీపాటా లేని వెధవలు దారిలో కాపురం పెట్టారని పిల్లలు నవ్వుకున్నారట. వెతకడానికి లేచిన బాబా, ఆ వెధవల్నే దారి అడుగుదామని వచ్చి, తివాచీని గుర్తుపట్టాడు.

"నా తప్పేం లేదు బాబా, ఫోను బియ్యంల పెట్టిండు" అన్నాడు ఖాదర్ భాయ్. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ కోర్టుకీ అక్కర్లేదు.

బాబా అరిచి ఉంటే బాగుండేది. ఆయన నా నోట్‌బుక్కు తీసుకుని, ఆరు హాల్టులూ వేలితో లెక్కపెట్టి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"శనివారం కదా నీ విమానం?"

"అవును బాబా."

"ఎయిర్‌పోర్టు ఇక్కడి నుంచి దోహా దాటి అవతల. నీ లెక్కన శనివారానికి నువ్వు అందుకోలేవు. పాపం, ఎందుకు పరిగెత్తుతావు? క్యాంపు అయ్యాక వెళ్ళు. రెండు నెలలు హాయిగా రెస్ట్ తీసుకుని."

రెస్ట్ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. రెండు నెలలు రోజూ నీళ్ళకీ, పెరుక్కీ, ముసలమ్మగారి మందులకీ దోహాకు పోయి రావడం. మొదటి రోజే గంటా పది నిమిషాల్లో పోయాను. హాల్టు మాట దేవుడెరుగు, తుమ్మడానికి కూడా ఆగలేదు.

ఆదివారం సాయంత్రం ఆ గోడ పక్కనే నిలబడి మౌనిక నెమలి ఆటను ఫోన్లో చూశాను. ఆట మధ్యలో పిల్ల రెండుసార్లు ముందు వరసకేసి చూసింది. అక్కడ వాళ్ళమ్మ పక్క కుర్చీ ఖాళీ. నాకు ఏడుపొచ్చింది. ఖాదర్ భాయ్ చూసి టీ ఇచ్చాడు. ఆయన తిట్టినా బాగుండేది.

రెండు నెలలకు ఇంటికి పోయాను. మా వైపు గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకటే పేరు, కువైట్. మౌనిక నా ఒళ్ళో కూర్చుని, నా గడ్డం పట్టుకుని అడిగింది.

"నాయనా, నువ్వు దారిలో ఉండావు గాబట్టే రాలేదని చెప్పింది అమ్మ. కువైటు అంత పెద్దదా?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"చానా పెద్దదమ్మా" అన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి స్టీరింగు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలో బండి ఎక్కినా, మొదట ఆ దేశం ఎక్కడ అయిపోతుందో అడిగి తెలుసుకుంటాను. ఒంట్లో ఊపిరి ఉండగా గోడ పక్కన పడుకోను. తప్పనిసరై పడుకోవాల్సి వస్తే, ముందు ఆ గోడ అవతల ఏముందో చూసి పడుకుంటాను.