ఎలీసియో కుడిచెయ్యి

ద్రాక్షకోతల పండుగనాడు, పట్టపగలు, హెరెస్ ఊరంతా చూస్తూండగా మా బావ ఎలీసియో చెయ్యి ఆగిపోయింది.

వేదిక మీద పెట్రా ఆడుతోంది. మా సాంతియాగో వాడలోనే పుట్టి, మాడ్రిడ్ దాకా పేరు తెచ్చుకున్న పిల్ల. గిటారు మా బావది. పక్కన నిలబడి చప్పట్లతో తాళం వేసే పని నాది. బులేరియా అనే ఆ ఆటవరస మామూలుగానే గుర్రప్పరుగు. చివరికొచ్చేసరికి పెట్రా దాన్ని ఇంకా తరిమింది. ఆమె మడమలు చెక్క మీద వడగళ్ళలా పడుతున్నాయి. ఆ వడిని అందుకోవాలని బావ ముందుకు వంగాడు. దవడ బిగుసుకుంది. కుడిభుజం చెవి దాకా లేచింది. అంతలో గిటారు మూగబోయింది. చూద్దును కదా, చూపుడువేలూ నడిమివేలూ అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి, చచ్చిన పిచ్చుక కాళ్ళలాగా.

పెట్రా ఆగలేదు. నా చప్పట్ల మీదే ఆట ముగించింది. జనం అదేదో కావాలని చేసిన చమత్కారం అనుకుని కేకలు పెట్టారు. వేదిక వెనక్కి వచ్చాక, చెమటైనా తుడుచుకోకుండా ఆమె బావ ఎదుట నిలబడింది.

"ఏమైంది నీకు?"

"తిమ్మిరెక్కింది."

"చేతికా, బుర్రకా? నన్ను నడిగాల్లో వదిలేశావు!"

"ఇంకోసారి జరగదు."

"జరిగితే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడన్నా. కోపం తెచ్చుకోకు. నేను పడితే నన్నెవడూ లేపడు."

బావ ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆయన పీపాల కార్ఖానాలో పనివాడు. ద్రాక్షసారా నిలవచేసే ఓక్ పీపాలకు ఇనుపకట్లు బిగించడం పని. నేనూ అక్కడే చేసేవాణ్ణి. ఆయన చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాక ఇంటిమనిషినయ్యాను. వాళ్ళ నాన్న ఫెర్మీన్ మామ మా వాడలో పాటగాళ్ళందరికీ గిటారు పట్టినవాడు. కొడుక్కి మీసాలు రాకముందే పోయాడు. కాబట్టి ఎలీసియోకు చెయ్యి పట్టి నేర్పినవాళ్ళు లేరు. తండ్రి వాయిస్తుంటే చెవితో విన్నదీ, ఆ తరవాత రేడియోలో వచ్చిందీ, అంతే. ఆ రోజుల్లో రేడియోలో వచ్చే కుర్రవాద్యగాళ్ళందరూ మెరుపులు. ఒక్కొక్కడు తీగల మీద పరిగెడుతుంటే గుండె ఆగిపోయేది. "నిదానంగా వాయించేవాడికి ఇప్పుడు కుర్చీ కూడా వెయ్యర్రా లూకాస్" అనేవాడు నాతో. వేగం అంటే బలం అనుకున్నాడు. సుత్తి పట్టినట్టే గిటారు పట్టాడు. అలా పట్టే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు కూడా. అందుకే ఆ పట్టే తన చేతిని తింటోందని ఆయనకు తోచలేదు.

పండుగ మర్నాటి నుంచి రెట్టింపు సాధన మొదలుపెట్టాడు. మణికట్టుకు సీసపు ముద్ద కట్టుకుని వాయించేవాడు, బరువు తీసేశాక చెయ్యి తేలికవుతుందని. మాట వినని నడిమివేలిని గుడ్డపేలికతో పక్కవేలికి కట్టేశాడు. వేడినూనె పోయించుకున్నాడు. ఎవరో చెప్పారని గొర్రె కొవ్వు పూసుకున్నాడు. ఆయన భార్య అమాలియా ఆ కంపు భరించలేక పరుపు తీసుకెళ్ళి వంటింట్లో వేసుకుంది. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మోచెయ్యి తట్టి, వేళ్ళు వంచి చూసి, "ఎముకకేం కాలేదు, నరానికేం కాలేదు. వదులుగా ఉంచండి" అన్నాడట.

"వదులుగా ఉంచమంటాడు!" అని బావ నా మీద అరిచాడు. "ఎలా ఉంచాలో చెప్పడు. మునిగిపోతున్నవాడికి తేలమని చెప్పినట్టుంది. నాకు తెలిస్తే మునుగుతానా?"

చలికాలం వచ్చేసరికి చెంచా కూడా సరిగ్గా నిలవలేదు. శనగల పులుసు చొక్కా మీద ఒలుకుతుంటే అమాలియా చూడనట్టు తల తిప్పుకునేది. పెట్రా ఇంకోసారి కబురు చేసింది. ఈసారి సాధనలోనే, అందరి ముందూ, వేళ్ళు మడతపడ్డాయి. ఆమె మరుసటి వారం కాదిస్ నుంచి ఒక వాద్యగాణ్ణి పిలిపించుకుందని వాడంతటికీ తెలిసింది.

సారాకొట్లో నాలుకలకు పని దొరికింది. "ఏం ఎలీసియో, గిటారు సన్యాసం పుచ్చుకుందా?" అని ఒకడు. "లేదురా, పెళ్ళాం పోరుపడలేక అదే పారిపోయింది" అని ఇంకొకడు. బావ నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను గ్లాసు వదిలేసి బయటికి వచ్చేసేవాణ్ణి.

ఒక ఆదివారం, అందరూ పూజకు వెళ్ళిన వేళ, కార్ఖానాకు రమ్మని నాకు కబురు పంపాడు. వెళితే లోపల ఒక్కడే ఉన్నాడు. ఇనుపకట్లు సాగగొట్టే దిమ్మె మీద కుడిచెయ్యి పరిచి పెట్టాడు. నా సుత్తి నాకే అందించాడు.

"కొట్టు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "దేన్ని?"

"చేతినిరా. ఒక్క దెబ్బ. నేను కొట్టుకుందామంటే ఎడమచేతికి వాటం రావటంలేదు."

"పిచ్చెక్కిందా బావా!"

"విను. చెయ్యి విరిగిన వాద్యగాడంటే జనం జాలిపడతారు. పీపా మీద పడింది, పాపం అంటారు. నా దగ్గర చెయ్యుంది, వేళ్ళున్నాయి, అన్నీ ఉన్నాయి, కానీ పనికిరావు. దీనికి పేరేదిరా? మా నాన్న పేరు చెప్పుకుని నేను ఏ మొహంతో తిరగను? కొట్టరా లూకాస్, నీకు దణ్ణం పెడతాను. నా చెల్లెలి మొగుడివి, ఈ ఒక్క మేలు చెయ్యి."

ఆయన ఏడవటంలేదు. అదే నన్ను భయపెట్టింది. లెక్క తేలిపోయినవాడిలా మాట్లాడుతున్నాడు. నేను సుత్తి విసిరేశాను. అది పోయి ఖాళీ పీపాకు తగిలి గుడిగంటలా మోగింది. ఆయన దాని కోసం పరిగెత్తాడు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని కిందపడేశాను. ఇద్దరం రంపప్పొట్టులో దొర్లాం. నాకంటే బలమైనవాడు. ఎందుకో కాసేపటికి తనే పెనుగులాట మానేసి, నా భుజం మీద తల పెట్టాడు. అప్పుడు ఏడ్చాడు.

ఆ పొట్టుతోనే ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలో ఎండకు కూర్చుని కాసిల్దా అత్త చిక్కుళ్ళు ఒలుస్తోంది. అత్త అంటే ఎలీసియో తల్లి. ఒకప్పుడు ఆవిడ పాడితే వీధిలో గాడిదలు కూడా నిలబడేవని చెప్పుకునేవారు. జ్వరం వచ్చి చెవులు పోయాక పాట మానేసింది. మాటలు మాత్రం మానలేదు. తనకు వినపడదు కాబట్టి ఊరికంతా వినపడేట్టు మాట్లాడేది.

"ఎవరు పోయారు?" అంది మా మొహాలు చూసి.

నేను దాచలేకపోయాను. సుత్తినీ దిమ్మెనూ చేతులతోనే చెప్పాను. అత్త చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది. కొడుకు చెంప మీద కొట్టింది. మళ్ళీ అదే చెంప నిమిరింది.

"గిటారు తీసుకురా" అంది.

బావ తల అడ్డంగా ఊపాడు.

"నాకు వినపడదు కదరా, సిగ్గెందుకు? తీసుకురా."

తెచ్చి వాయించాడు, తల్లి మాట కాదనలేక. అత్త తన అరచెయ్యి తీసి ఆయన ముంజేతి మీద వేసింది. చెవులు పోయిన తరవాత ఫెర్మీన్ మామ వాయిస్తుంటే కూడా ఆవిడ అలాగే కూర్చునేదట. ఆ ఒక్క దారిలోనే పాట ఆవిడకు చేరేది. ఇప్పుడు క్షణం కూడా కాకముందే చెయ్యి తీసేసింది.

"ఇది చెయ్యా, పీపాచెక్కా? మీ నాన్న చెయ్యి రొట్టెపిండిలా ఉండేది. వేలు నొక్కితే దిగేది, వాయిస్తున్నప్పుడు కూడా."

"నాన్న ఇంత వేగంగా వాయించలేదు" అన్నాడు బావ, పెదవులు కనపడేట్టు.

"నీకేం తెలుసు? నువ్వు విన్నావు. నేను పట్టుకున్నాను."

ఆనాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లీ కొడుకులు గుమ్మంలో కూర్చునేవారు. సాధన అని ఎలా అనను, అది తగాదా. అత్తకు గిటారు వాయించడం రాదు. ఆవిడకు తెలిసింది మొగుడి చెయ్యి ఎలా ఉండేదో, అంతే. ఒక్క తీగ మీటమనేది. మీటిన వేలు వెంటనే చచ్చినట్టు పడిపోవాలి. పడిపోకపోతే దెబ్బ. భుజం లేస్తే దెబ్బ. ఆవిడ రెండో చెయ్యి ఆయన దవడ కింద ఉండేది. పళ్ళు కరిచాడో, చెవి మెలిపెట్టేది. ఊపిరి బిగపట్టినా పట్టేసేది.

"తీగను కొట్టే పని కొంచెమేరా, వదిలే పనే ఎక్కువ. నువ్వు వదలకుండా మళ్ళీ కొడుతున్నావు. పాత దెబ్బ మీద కొత్త దెబ్బ. చెయ్యి రాయి కాక ఏమవుతుంది?"

పెళ్ళీడు పిల్లలున్న మగవాడు. వీధిలో పోయేవాళ్ళు చూసి నవ్వుకునేవారు. ఆయన తల దించుకుని ఒకే తీగ, ఒకే వేలు, గంటల తరబడి. కొన్నాళ్ళు ఏమీ మారలేదు. కొన్నాళ్ళు ఇంకా పాడైంది. ఉన్న కాస్త వాద్యమూ పోయిందని ఒకరోజు గిటారు నేలకు ఆనించి, తల్లికి వినపడదని నోటికొచ్చిన బూతు అన్నాడు.

"ఆ మాట నాకు వినపడకపోయినా కనపడింది" అంది అత్త. "మళ్ళీ మొదలుపెట్టు."

నాకు ఆశ పోయింది. అమాలియా అయితే గిటారు అమ్మేద్దామని నాతో గుసగుసలాడింది. బావకు కూడా ఆశ ఉన్నట్టు నాకు తోచలేదు. తల్లి పిలుస్తుంది కాబట్టి కూర్చునేవాడు. ఉరి తియ్యబోతూ అన్నం పెడితే తినేవాడిలా కూర్చునేవాడు.

వసంతం వచ్చింది, మా ఊళ్ళో నత్తగుల్లలు వండుకుతినే రోజులు. మా ఆవిడ పుదీనా వేసి కుండెడు ఉడికించి తెచ్చింది. అందరం గుమ్మం దగ్గరే ఉన్నాం. అత్త చెయ్యి ఎప్పట్లాగే ఆయన ముంజేతి మీద ఉంది. ఆవిడ చూపు కుండ మీద ఉంది. బావ చాలా మెల్లిగా, దుమ్ము తుడిచినంత మెల్లిగా తీగల మీద వేళ్ళు వేశాడు. ఏమైందో తెలియదు. పైనుంచి కిందకి ఒక పరుగు జారింది. మళ్ళీ పైకి ఎక్కింది. గుప్పెడు ఆవాలు పళ్ళెంలో ఒలికినట్టు, ఒక్కొక్క గింజ విడివిడిగా. పండుగనాడు అందుకోలేకపోయిన ఆ వేగమే. అంతకన్నా ఎక్కువే. నా చేతిలో గుల్ల అలాగే ఉండిపోయింది. మా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అత్త కొడుకు వైపు తిరిగి విసుక్కుంది. "ఏమిట్రా, ఎంతసేపు? మొదలుపెట్టవేం?"

ఆవిడ అరచేతికి ఏమీ తగల్లేదు.

బావ గిటారు మీద తల వాల్చేశాడు. అయిపోయింది, వాయించేశాను అని ఎలా చెప్పాలో తెలియక నేను చేతులు ఊపుతున్నాను. అత్తకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అయ్యాక, "ఓహో" అని మాత్రం అంది. పక్కకు తిరిగి శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. ఇన్ని నెలలు కాపు కాసింది ఆ పరుగు కోసమే. అది వచ్చిందంటే ఆవిడకు మాత్రం అందదు. అది ఆవిడకు ముందే తెలిసి ఉంటుందా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది కానీ, జరిగింది ఇంకా ఉంది.

వేసవిలో బావ మళ్ళీ పెట్రా దగ్గరికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. సాధన చేసే గది, ఉదయం వేళ, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కాదిస్ కుర్రాడు గోడకు ఆనుకుని గౌరవంగానే చూస్తున్నాడు. పెట్రా మొదలుపెట్టింది. బావ భుజం కిందకే ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పరుగులు ముత్యాల్లా రాలుతున్నాయి. ఆమె వేగం పెంచింది, ఈయన వెళ్ళాడు. ఇంకా పెంచింది, వెళ్ళాడు. నాకు ఒళ్ళు పులకరించింది.

"గట్టిగా!" అని అరిచింది పెట్రా. "నా కాళ్ళ చప్పుడులో నువ్వు వినపడట్లేదు. గట్టిగా అన్నా!"

ఆయన గట్టిగా మీటాడు. చూస్తూండగానే మెడలో నరం లేచింది. మరుక్షణం ఆయనే తగ్గించుకున్నాడు, వేళ్ళు ముడుచుకోకముందే. మళ్ళీ మెత్తగా, మళ్ళీ వేగంగా. పెట్రా మడమల కింద ఆ గిటారు వానలో ఏడుపులా కలిసిపోయింది. ఆమె ఆగింది.

"ఇంతేనా?"

"ఇంతే" అన్నాడు బావ. "ఇంకా గట్టిగా అంటే ఇది కూడా ఉండదు."

"ఇంత బాగా నువ్వెప్పుడూ వాయించలేదన్నా. కానీ ఇది నా ఆటకు సరిపోదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కాదిస్ కుర్రాణ్ణి కుర్చీలోకి పిలిచింది.

ఇద్దరం ఇంటికి వచ్చాం. కాసిల్దా అత్త గుమ్మంలోంచే "ఎలా జరిగింది?" అని కేకేసింది. ఆయన వేళ్ళు ముద్దుపెట్టుకుని గాల్లోకి విసిరి చూపించాడు, బ్రహ్మాండం అన్నట్టు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు ఆవిడ పోయింది.

బావ పీపాల పనిలోనే ఉండిపోయాడు. సుత్తి పట్టు మాత్రం మార్చుకున్నాడు. మేస్త్రీ తిట్టాడు, తరవాత అలవాటుపడ్డాడు. ఇప్పుడు ఆయన వేదికలెక్కడు. మా వాడలో ఎవరి ఇంటి వెనకో ముసలి పాటగాళ్ళు పాడుకుంటుంటే, గొంతులకు సరిపోయే ఆ మెత్తటి గిటారుకు ఆయన్నే పిలుస్తారు. కొన్ని రోజులు చెయ్యి వస్తుంది. కొన్ని రోజులు తెల్లవారుతూనే బిగుసుకుని ఉంటుంది, ఎందుకో ఆయనకే తెలియదు. అలాంటి రోజు పలకరిస్తే, "ఇవాళ లేదు" అంటాడు, వాన లేదన్నట్టు. ఆ రోజంతా అమాలియా ఆయనకు కత్తీ సుత్తీ అందుబాటులో లేకుండా చూసుకుంటుంది. ఆ భయం మాకెవరికీ పోలేదు.

మొన్న మా మనవరాలి నామకరణానికి వచ్చాడు. రెండు పాటలకు అద్భుతంగా వాయించాడు. మూడో పాట మధ్యలో చెయ్యి ఎత్తి, గిటారు గోడకు చేర్చి, నా పక్కకొచ్చి నిలబడి చప్పట్లు అందుకున్నాడు. పాట ఆగలేదు.